తొమ్మిదో నంబరు: ఒక వెక్కిరింపు మాట వెనుక చరిత్ర

మా పదో తరగతి హాజరు పట్టీలో ఈ ఏడు నాది తొమ్మిదో నంబరు. పోయిన ఏడు పదో నంబరు. మధ్యలో ఒకడు బడి మానేశాడు కాబట్టి వాడి వెనుక ఉన్న వాళ్ళందరి నంబర్లూ ఒక్కొక్కటి ముందుకు జరిగాయి. ఇందులో వింత ఏముంది అని పెద్దవాళ్ళు అనుకోవచ్చు. కానీ మా హోసూరు పిల్లల్లో ఎవరిని అడిగినా చెబుతారు, తొమ్మిది అంటే వట్టి అంకె కాదు. ఆడపిల్లలా నడుస్తాడనో, మెత్తగా మాట్లాడతాడనో ఒక అబ్బాయిని ఏడిపించాలంటే తమిళంలో అయినా తెలుగులో అయినా "తొమ్మిది" అంటారు. పి.టి. పీరియడులో వరుసగా నిలబెట్టి లెక్క చెప్పమంటే ఎనిమిది దాకా గట్టిగా వినిపిస్తుంది. తొమ్మిది దగ్గరికి వచ్చేసరికి వరుసంతా నవ్వుతుంది.

బడి మానేసిన అబ్బాయిది నిజానికి ఆరో నంబరు. అయినా వాణ్ణి అందరూ తొమ్మిది అనే పిలిచేవాళ్ళు. వాడు ముగ్గులు చక్కగా వేస్తాడు. లెక్కల్లో నాకంటే ముందుండేవాడు. వాడు ఎల్‌జీబీటీ వర్గానికి చెందినవాడో కాదో మాకెవరికీ తెలియదు. వాడు ఎప్పుడూ చెప్పలేదు, మేము అడగాల్సిన పనీ లేదు. ఆ మాట నేను వాణ్ణి ఎన్నిసార్లు అన్నానో లెక్కపెట్టుకోలేదు. అనలేదని మాత్రం చెప్పలేను.

ఈ సంవత్సరం పత్రికకు చరిత్ర వ్యాసం రాయమన్నప్పుడు మా సోషల్ సార్, "రాజుల గురించి అందరూ రాస్తారు. నీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నదాని గురించి రాయరా" అన్నారు. నాకు తెలుసుకోవాలని ఉన్నది ఒకటే. ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చింది?

మన కథల్లో ఎవరున్నారు?

ముందుగా ఒక మాట. ఎల్‌జీబీటీ అంటే ఒక రకం మనుషులు కాదు. మగవాళ్ళను ఇష్టపడే మగవాళ్ళు, ఆడవాళ్ళను ఇష్టపడే ఆడవాళ్ళు, ఇద్దరినీ ఇష్టపడగలిగేవాళ్ళు, పుట్టినప్పుడు రాసిన ఆడ, మగ అనే గుర్తుతో తమ మనసు కలవని ట్రాన్స్‌జెండర్లు, వీళ్ళందరినీ కలిపి అలా అంటారు. వెక్కిరించేవాళ్ళకు ఈ తేడాలేవీ అక్కర్లేదు. అందరికీ ఒకే మాట వాడతారు. చరిత్రలో చట్టాలు రాసినవాళ్ళు కూడా దాదాపు అదే పని చేశారని నాకు తర్వాత తెలిసింది.

మా అవ్వను అడిగితే, "వాళ్ళు పుట్టిన బిడ్డను దీవించే వాళ్ళురా. వాళ్ళ నోట చెడ్డ మాట పడకూడదు" అంది. అది గౌరవమో భయమో నాకు అర్థం కాలేదు. భారతంలో అర్జునుడు బృహన్నలగా విరాటుడి కొలువులో ఉండి ఉత్తరకు నాట్యం నేర్పాడు. శిఖండి కురుక్షేత్రంలో యుద్ధం చేశాడు. గోదావరి ప్రాంతంలోని ర్యాలిలో ఒకే శిలలో ముందువైపు విష్ణువు, వెనుకవైపు మోహిని కనిపిస్తారు. మన తమిళనాడులో తిరుచెంగోడు కొండ మీద స్వామి అర్ధనారీశ్వరుడు. కూవాగంలో ఏటా చిత్తిరై నెలలో జరిగే ఉత్సవానికి దేశం నలుమూలల నుంచి ట్రాన్స్‌జెండర్లు వస్తారు.

కథల్లోనూ గుళ్ళలోనూ చోటుంది కాబట్టి ఆ రోజుల్లో మనుషులకు కూడా గౌరవం ఉండేదని నేను చెప్పను. దేవుడికి దండం పెట్టి వచ్చి, బయట "బృహన్నల" అనే మాటను తిట్టుగా వాడేది మనమే కదా. కానీ ఒక్కటి మాత్రం తేలింది. ఇలాంటి మనుషులు మన దగ్గర కొత్తగా పుట్టుకొచ్చారని, ఇదంతా విదేశీ ఫ్యాషనని అనడం తప్పు. విదేశం నుంచి వచ్చింది వాళ్ళు కాదు, వాళ్ళను శిక్షించే చట్టం.

ఓడ ఎక్కి వచ్చిన చట్టం

ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో, 1533లో, మగవాళ్ళ మధ్య సంబంధానికి మరణశిక్ష వేసే చట్టం చేశారు. మూడు వందల ఏళ్ళ తర్వాత మెకాలే నాయకత్వంలో మన దేశానికి శిక్షాస్మృతి ముసాయిదా తయారైంది. మన పాఠాల్లో ఇంగ్లీషు చదువు దగ్గర వచ్చే మెకాలేనే ఈయన. ఆ శిక్షాస్మృతి 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 377వ సెక్షను, "ప్రకృతికి విరుద్ధమైన" సంబంధం పెట్టుకున్నవాళ్ళకు పదేళ్ళ వరకు జైలు లేదా యావజ్జీవ శిక్ష వేయవచ్చని చెప్పింది. ఇద్దరూ పెద్దవాళ్ళే అయినా, ఇద్దరూ ఇష్టపడినా, ఎవరికీ నష్టం జరగకపోయినా అది నేరమే. ఈ సెక్షను కింద శిక్ష పడినవాళ్ళ సంఖ్య పెద్దది కాకపోవచ్చు. కానీ "పోలీసులకు చెబుతాను" అని బెదిరించి డబ్బు గుంజడానికి ఆ చట్టం పుస్తకంలో ఉంటే చాలు.

1871లో ఇంకో చట్టం వచ్చింది. నేరస్థ తెగల చట్టం. కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన చట్టం అది. తర్వాత ఆ చట్టాలను మన తెలుగు నేల మీద ఎరుకల వాళ్ళ మీద ప్రయోగించారు. స్టువర్టుపురం అలా పుట్టిన ఊరే. అయితే 1871 చట్టంలో రెండో భాగం కూడా ఉందని నాకు ఇప్పుడే తెలిసింది. అది హిజ్రాల గురించి. మొదట ఉత్తర భారతంలో అమలైన ఆ భాగం ప్రకారం, అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు, ఇళ్ళు పోలీసులు ఒక రిజిస్టరులో రాసుకోవాలి. ఆ రిజిస్టరులో పేరున్న మనిషి చీర కట్టి, నగలు పెట్టుకుని వీధిలో కనిపించినా, పాడినా ఆడినా రెండేళ్ళ వరకు జైలు.

ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. బృహన్నల వేషంలో అర్జునుడు ఆ కాలంలో వీధిలోకి వచ్చి ఉంటే జైల్లో పడేవాడు.

మన తెలుగువాళ్ళకు ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో 1919లో, ఫసలీ 1329లో, ఇలాంటి చట్టమే చేశారు. అక్కడా రిజిస్టరే, అక్కడా రెండేళ్ళ శిక్షే. వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. స్వాతంత్ర్యం వచ్చింది. నేరస్థ తెగల చట్టాన్ని 1952లో రద్దు చేశారు. హైదరాబాదు సంస్థానం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. ఆ చట్టం మాత్రం పేరు మార్చుకుంటూ పుస్తకాల్లో మిగిలిపోయింది. ట్రాన్స్‌జెండర్ కార్యకర్తలు కోర్టుకు వెళ్ళాక 2023 జులైలో తెలంగాణ హైకోర్టు, అది సమానత్వానికి, గౌరవంగా బతికే హక్కుకు విరుద్ధమని చెప్పి కొట్టేసింది. 1919 నుంచి 2023 అంటే 104 ఏళ్ళు. మా అవ్వ పుట్టకముందు పుట్టి, నేను ఎనిమిదో తరగతికి వచ్చే దాకా బతికిన చట్టం అది.

"వాళ్ళెంతమంది?" అనే ప్రశ్న

377వ సెక్షను మీద పోరాటం ఇంకా పెద్దది. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు, ఇష్టపడిన పెద్దవాళ్ళ మధ్య ఇది నేరం కాదంది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగేసింది. చెప్పిన కారణాల్లో ఒకటి నన్ను ఆపింది. ఈ వర్గం వాళ్ళు దేశ జనాభాలో చాలా చిన్న భాగమేనని ఆ తీర్పులో ఉంది.

చిన్న భాగం అనే మాట మనకు కొత్త కాదు. తమిళనాడులో తెలుగులో చదువుకునే పిల్లలం మనమెంతమంది? మన బడి ఎందుకు నడుస్తోంది? రాజ్యాంగంలో 29, 30 అధికరణాలు ఉన్నాయి కాబట్టి. తక్కువ మంది మాట్లాడే భాషను కాపాడుకునే హక్కు, బడి పెట్టుకునే హక్కు ఉన్నాయి కాబట్టి. "మీరు కొద్దిమందే, మీకెందుకు" అని ఎవరైనా అంటే మన పెద్దలు ఊరుకుంటారా? ఎనిమిదో తరగతిలో కృష్ణగిరికి ఖోఖో ఆటకు పోయినప్పుడు అవతలి జట్టు వాళ్ళు మమ్మల్ని "గొల్టి, గొల్టి" అని ఎగతాళి చేశారు. ఆ రోజు బస్సులో ఎవరూ మాట్లాడలేదు. మన భాష పేరును తిట్టుగా మార్చి మొహాన కొడితే ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజే తెలుసు. తెలిసి కూడా మరుసటి వారం నేను తరగతిలో "తొమ్మిది" అన్నాను. ఈ వ్యాసంలో నేను రాయడానికి చాలా ఆలోచించిన వాక్యం ఇదే.

2013 తర్వాత చరిత్ర త్వరగా మారింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించి, ఎవరి జెండర్‌ను వాళ్ళే చెప్పుకునే హక్కు ఉందంది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తీర్పిచ్చింది. అందులోనే, ఒక వర్గం చిన్నదైనంత మాత్రాన దాని హక్కులు చిన్నవి కావని స్పష్టం చేసింది. చివరికి 2018 సెప్టెంబరు 6న ఐదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా, ఇష్టపడిన పెద్దవాళ్ళ సంబంధం నేరం కాదన్నారు. పిటిషన్ వేసినవాళ్ళలో మొదటి పేరు ఒక భరతనాట్య కళాకారుడిది, నవ్‌తేజ్ సింగ్ జోహార్. ఆ ఐదుగురిలో ఒకరైన జస్టిస్ ఇందు మల్హోత్రా, ఇన్నేళ్ళు అవమానం భరించిన ఈ మనుషులకు, వాళ్ళ కుటుంబాలకు చరిత్ర క్షమాపణ చెప్పాలన్నారు. 1862 నుంచి లెక్కేస్తే 156 ఏళ్ళు.

అన్నీ అయిపోలేదు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒకే జెండర్‌కు చెందిన జంటల పెళ్ళిని గుర్తించలేమని, అది పార్లమెంటు చూడాల్సిన పని అని చెప్పింది. కాబట్టి ఈ చరిత్ర ఇంకా నడుస్తూనే ఉంది.

మన రాష్ట్రంలో

తమిళనాడు ఈ విషయంలో కొన్ని మంచి పనులు ముందుగా చేసింది. 2008లో ట్రాన్స్‌జెండర్లకు సంక్షేమ బోర్డు పెట్టింది. తిట్టు మాటల బదులు "తిరునంగై" అనే గౌరవమైన మాటను ప్రభుత్వం వాడుకలోకి తెచ్చింది. సేలంకు చెందిన ప్రీతికా యాషిని ఎస్.ఐ. ఉద్యోగానికి దరఖాస్తు పెడితే మొదట తిరస్కరించారు. అందులో ఆడ, మగ తప్ప ఇంకో గడి లేదు. ఆమె మద్రాసు హైకోర్టుకు వెళ్ళి 2015లో గెలిచి, 2017లో విధుల్లో చేరారు. ఒక గడి లేకపోవడం ఒక మనిషి జీవితాన్ని ఆపగలదని నాకు అప్పుడు అర్థమైంది.

2021లో మదురైకి చెందిన ఇద్దరు యువతులు, కలిసి బతకాలని చెన్నై వచ్చి, ఇంటివాళ్ళ నుంచి, పోలీసుల నుంచి రక్షణ కావాలని మద్రాసు హైకోర్టును అడిగారు. జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ అప్పుడు చేసింది నాకు చాలా నచ్చింది. ఈ విషయం తనకు పూర్తిగా తెలియదని ఒప్పుకున్నారు. తీర్పు చెప్పే ముందు ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర తానే పాఠం నేర్చుకున్నారు. జూన్ 7న ఇచ్చిన ఉత్తర్వులో, ఇలాంటివాళ్ళను "నయం చేస్తాం" అనే వైద్యాన్ని నిషేధించాలన్నారు. బడుల గురించి కూడా రాశారు. ఎవరైనా వాడుకోగల మరుగుదొడ్లు ఉండాలని, ట్రాన్స్‌జెండర్ విద్యార్థుల రికార్డుల్లో పేరు, జెండర్ మార్చే వీలుండాలని, తల్లిదండ్రుల సమావేశాల్లో ఈ సంగతి మాట్లాడాలని చెప్పారు. ఆ కేసులోనే అడగడంతో 2022లో తమిళనాడు ప్రభుత్వం పత్రికలవాళ్ళు, అధికారులు వాడాల్సిన గౌరవమైన తమిళ పదాల పట్టిక విడుదల చేసింది. మనం తెలుగులో అలాంటి పట్టిక ఎందుకు చేసుకోకూడదు?

బడి మౌనంగా ఉంటే

నేను ఇది రాస్తున్నానని తెలిసి మా నాయన, "ఇవన్నీ పిల్లలకెందుకురా? లేనిపోని ఆలోచనలు వస్తాయి" అన్నాడు. చాలామంది తల్లిదండ్రుల మాట ఇదేనని నాకు తెలుసు. నాయన మీద గౌరవంతోనే చరిత్రలో ఒక జవాబు వెతికాను.

ఇంగ్లండులో 1967లోనే పెద్దవాళ్ళ మధ్య ఇది నేరం కాదన్నారు. కానీ 1988లో అక్కడే ఇంకో చట్టం చేశారు. దాన్ని సెక్షన్ 28 అంటారు. స్థానిక సంస్థలు స్వలింగ ప్రేమను ప్రోత్సహించకూడదని, అది కూడా ఒక కుటుంబమేనని ప్రభుత్వ బడుల్లో బోధించకూడదని దాని సారం. ఉద్దేశం పిల్లలను కాపాడటమే అన్నారు. ఫలితం ఏమిటంటే, టీచర్లు ఆ మాట ఎత్తడానికే భయపడ్డారు. ఒక పిల్లవాణ్ణి తోటివాళ్ళు ఏడిపిస్తుంటే ఆపితే ఎక్కడ తప్పవుతుందోనని వెనకాడారు. ఆ చట్టాన్ని స్కాట్లండులో 2000లో, ఇంగ్లండు, వేల్సులో 2003లో తీసేశారు. 2009లో ఆ పార్టీ నాయకుడు డేవిడ్ కామెరాన్ తమ పార్టీ చేసింది తప్పని క్షమాపణ చెప్పారు. మౌనం వల్ల ఎవరూ మారలేదు. ఏడిచేవాళ్ళు ఒంటరిగా ఏడిచారు, అంతే.

మన దగ్గర అలాంటి చట్టం లేదు. అయినా మౌనం ఉంది. 2021లో ఎన్.సి.ఇ.ఆర్.టి. ట్రాన్స్‌జెండర్ పిల్లలను బడిలో ఎలా కలుపుకోవాలో టీచర్లకు ఒక పుస్తకం తయారు చేసింది. ఫిర్యాదులు రాగానే వెబ్‌సైటు నుంచి తీసేశారు. తమిళనాడులో ఇలాంటి యువతతో మాట్లాడి యునెస్కో 2019లో ఒక నివేదిక ఇచ్చింది. ఉన్నత పాఠశాలలో ఉన్నప్పుడు దెబ్బలు, దౌర్జన్యం ఎదుర్కొన్నామని దాదాపు 60 శాతం మంది చెప్పారు. మూడోవంతు మంది ఆ వేధింపుల వల్ల చదువు ఆపేశారు. 2011 జనగణనలో మొదటిసారి "ఇతరులు" అనే గడి పెట్టారు. అందులో 4,87,803 మంది ఉన్నారు. వాళ్ళ అక్షరాస్యత సుమారు 56 శాతం. దేశం మొత్తానిది 74 శాతం. తెలివి తక్కువై ఆ తేడా రాలేదు. బడి మధ్యలోనే వదిలేయాల్సి వచ్చిన పిల్లలు ఆ తేడాలో ఉన్నారు.

ఇది రోగం కాదు, అంటుకునేదీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న స్వలింగ ప్రేమను జబ్బుల జాబితా నుంచి తీసేసింది. కాబట్టి దీని గురించి మాట్లాడితే పిల్లలు మారిపోతారనే భయం అక్కర్లేదు. ఇంత చదివి వినిపించాక మా నాయన, "ఏడిపించడం మాత్రం తప్పేలే" అన్నాడు. నాకు ప్రస్తుతానికి అది చాలు.

మనం చేయగలిగినవి

చట్టాలు మార్చడం మన చేతిలో లేదు. కానీ మన బడి మన చేతిలో ఉంది. నాకు తోచినవి మూడు రాస్తున్నాను. ఒకటి, ప్రార్థన సమావేశంలో ర్యాగింగ్ గురించి చెప్పేటప్పుడు ఈ తిట్లను కూడా పేరు పెట్టి చెప్పాలి. ఊరికే "అల్లరి చేయకండి" అంటే ఎవరికీ తగలదు. రెండు, ఏడిపించబడిన పిల్లలు ఎవరితో చెప్పుకోవాలో తెలియాలి. ఒక టీచరు అందుకు ముందుకు రావాలి. ఆ మాట ఇంటికి చేరవేయకూడదు, ఎందుకంటే కొందరికి ఇల్లు కూడా భయమే. మూడు, మనకోసం. ఎవరైనా ఆ మాట అన్నప్పుడు నవ్వకుండా ఉండటం. ఇది అన్నిటికంటే తేలిక అనిపిస్తుంది, కానీ వరుసలో నిలబడి చూస్తే ఇదే కష్టం.

పోయిన నెల మార్కెట్టులో బడి మానేసిన ఆ అబ్బాయి కనిపించాడు. వాళ్ళ మామ పూల కొట్టులో మాల కడుతున్నాడు. మన దగ్గర హోసూరు గులాబీలకు ఎప్పుడూ గిరాకీనే కదా, చేతికి తీరిక లేదు. నేను వాణ్ణి అసలు పేరుతో పిలిచాను. తల ఎత్తి చూశాడు. "క్షమించరా" అన్నాను. వాడు ఏమీ అనలేదు. "పదో తరగతి ప్రైవేటుగా కట్టవచ్చంట, నిజమేనా?" అని అడిగాడు. కనుక్కుని చెబుతానన్నాను. సార్‌ను అడిగాను, కట్టవచ్చట. లెక్కల నోట్సు ఇచ్చి వచ్చాను.

మొన్న పి.టి.లో లెక్క చెప్పమన్నారు. సరిగ్గా తొమ్మిదో వాణ్ణి నేనే. ఎనిమిది అయ్యాక ఎప్పటిలాగే ఒక క్షణం ఆగింది. నేను గట్టిగా "తొమ్మిది" అన్నాను. వెనుక ఇద్దరు ముగ్గురు నవ్వారు. నా పక్కనున్న పదో నంబరు మాత్రం నవ్వలేదు. తన అంకె తాను చెప్పాడు.